మైకు బావగారు, నా సౌండు కార్డు

మా ఊళ్ళో చెడిపోయిన కంప్యూటర్లను బాగుచేసేవాళ్ళు ఇద్దరు ముగ్గురున్నారు. బాగున్న కంప్యూటరును చెడగొట్టగలిగినవాడు మాత్రం మా ఆయనొక్కడే అని మా ఆవిడ చుట్టాలతో చెబుతుంటుంది. ఆ మాట విన్నప్పుడల్లా నాకు కోపం రావాలి. రాదు. ఆవిడ దగ్గర సాక్ష్యాలున్నాయి.

నేను హైస్కూల్లో లెక్కలు చెబుతాను. మాది చిలకలూరిపేట నుంచి అద్దంకి వైపు వెళ్ళే దారిలో ఒక మండల కేంద్రం. కరోనా రోజుల్లో ఇంటి నుంచి పాఠాలు చెప్పాల్సి వచ్చి ఒక పాత డెస్క్‌టాప్ కొన్నాను. అందులో విండోస్ నత్తనడక నడుస్తుంటే, దాని బదులు ఊరికే దొరికే లైనక్స్ వేసుకోమని ఎవరో సలహా ఇచ్చారు. రెండు ఆదివారాలు కూర్చుని వేసుకున్నాను. నిజంగానే అది పరుగెత్తింది. అప్పటి నుంచీ నాకు కొత్తగా మాల వేసుకున్నవాడి ఊపు వచ్చింది. స్టాఫ్ రూములో ఎవరైనా తమ కంప్యూటరుకు వైరస్ పట్టిందంటే చాలు, చిన్నగా నవ్వి, అందుకే నేను లైనక్స్ వాడతానని చెప్పేవాణ్ణి. కొన్నాళ్ళకు నా ఎదుట కంప్యూటర్ల మాట ఎత్తడమే అందరూ మానేశారు. దాన్ని నేను గౌరవం అనుకున్నాను.

ఒక వేసవిలో ఉరుముల వానకు ఆ డెస్క్‌టాప్‌లో ఉన్న సౌండు పోయింది. అప్పుడు తెప్పించుకున్నదే యూఎస్‌బీ సౌండు కార్డు. బొటనవేలంత నల్లటి ముక్క. ఒక చివర కంప్యూటరుకు గుచ్చాలి, రెండో చివర రెండు చిల్లులుంటాయి. గుచ్చగానే దాని మీద ఎర్రటి దీపం వెలిగింది. కంప్యూటరును ఒకసారి ఆపి తెరిచి పాట పెడితే మానిటర్లోంచి వినిపించింది. ఇంతేనా, దీనికోసమా ఇంటర్నెట్‌లో జనం జుట్టు పీక్కుంటున్నారు అనుకున్నాను.

ఇక బావగారి సంగతి చెప్పాలి. ఆయన మా ఆవిడ పుట్టింటి ఊరివాడు, దర్శి అవతల. వాళ్ళ తాతలు దూది ఏకి పరుపులు కుట్టేవాళ్ళు, ఈయన మైకు పట్టుకుని మా ఊరు చేరాడు. మా ఆవిడను చిన్నప్పటి నుంచీ చెల్లెమ్మా అని పిలుస్తాడు కాబట్టి, నేను ఆ ఊరి అల్లుణ్ణయిన రోజునే ఆయనకు బావనయ్యాను. ఆటో మీద రెండు హారన్లు కట్టుకుని మా చుట్టుపక్కల ఊళ్ళన్నీ తిరుగుతూ ప్రకటనలు చెప్పడం ఆయన వృత్తి. తాగునీళ్ళు రావన్నా, గేదెలకు గాలికుంటు టీకాలన్నా, మిర్చి తోటల్లో తామర పురుగు మీద రైతు సమావేశమన్నా, గుళ్ళో అన్నదానమన్నా, దర్గాలో ఉరుసన్నా ఆయన గొంతే. ఎవరిదైనా మేక తప్పిపోతే దాని రంగు, కొమ్ముల వంపు ఆయన చెబుతుంటే మేకను ఎన్నడూ చూడనివాళ్ళకు కూడా బెంగ పుట్టేది. చావు కబురు చెప్పేటప్పుడు గొంతు ఒక మెట్టు దించేవాడు. ఆటో మలుపు తిరగకముందే, ఇవాళ మంచి కబురా కాదా అని ఆడవాళ్ళు పోల్చుకునేవాళ్ళు.

మొన్న మాఘమాసంలో ఆయన గొంతు బొంగురుపోయింది. కల్లాల్లో మిరపకాయలు ఎండే కాలం కదా, ఆ ఘాటుకు అందరికీ అలాగే ఉంటుందని ఊరుకున్నాడు. తగ్గలేదు. గుంటూరు తీసుకెళ్ళి చూపిస్తే గొంతులో చిన్న గడ్డ ఉందన్నారు. ఆపరేషన్ చేయాలి, గొంతు మళ్ళీ మామూలుగా రావచ్చు, రాకపోవచ్చు, అప్పటిదాకా ఎంత తక్కువ మాట్లాడితే అంత మంచిది అని డాక్టరు చెప్పాడట.

ఈ మాటలు బావగారు మా వరండాలో కూర్చుని చెప్పాడు. మా ఆవిడ కళ్ళు తుడుచుకుంది. నేను మాత్రం లెక్క వేస్తున్నాను. ప్రకటనంటే ఏముంది? వారం, వేళ, ఊరు, విషయం. వారాల పేర్లు, గంటలు, ఊళ్ళ పేర్లు, మామూలుగా వచ్చే విషయాలు, అన్నీ విడివిడిగా ఆయన గొంతుతో రికార్డు చేసి పెట్టుకుంటే, రేపు ఏ ప్రకటన కావాలన్నా ముక్కలు అతికించుకోవచ్చు. గొంతు రాకపోయినా ఆటో ఆగదు.

ఆలోచన మంచిదే. ఇప్పటికీ మంచిదేనంటాను. దాన్ని అమలుచేసే బాధ్యత నాకు దక్కడమే లోపం.

ఫోన్లో తీసుకోవచ్చుగా అంది మా ఆవిడ. బావగారు అడ్డంగా తల ఊపాడు. ఫోన్లో ఒకసారి చెప్పి హారన్లో వేసి చూశాడట, రేకు డబ్బాలోంచి మాట్లాడినట్టు వచ్చిందట. నేను అందుకున్నాను. నా దగ్గర విడిగా సౌండు కార్డుందని, చొక్కాకు తగిలించుకునే మైకు ఉందని, అన్నిటికీ మించి లైనక్స్ ఉందని చెప్పాను. ఆయన నా వైపు చూసిన చూపులో అంత నమ్మకం ఉండకుండా ఉండాల్సింది.

బుధవారం ఆయన ఆసుపత్రిలో చేరాలి. ఆదివారం పొద్దున రికార్డింగు పెట్టుకున్నాం. శనివారం సాయంత్రం నేను ముందుజాగ్రత్తగా ఒక్కణ్ణే కూర్చుని సరిచూసుకున్నాను. మైకు కార్డుకు గుచ్చి, హలో హలో అని, ఒక ఎక్కం చదివి, తిప్పి విన్నాను. చక్కగా వచ్చింది. అంతా సిద్ధమని ఆయనకు కబురు చేశాను.

ఆదివారం ఆయన తెల్లచొక్కా వేసుకుని, తల దువ్వుకుని వచ్చాడు. ఫొటోకు కాదు బావగారూ అనబోయి ఊరుకున్నాను. మా ఆవిడ గది గోడలకు బొంతలు వేలాడదీసింది, గొంతు మార్మోగకుండా. ఫ్యాను ఆపాం. పక్కింటివాళ్ళు మిరపకాయలు బస్తాలకు తొక్కుతున్నారని కిటికీలు మూసేశాం. ఉక్కలో ముగ్గురం చెమటలు కక్కుతుంటే, నేను సినిమా డైరెక్టరులా చెయ్యి ఊపాను.

ఆయన మొదలుపెట్టాడు. సోమవారం, మంగళవారం, బుధవారం. గొంతు బొంగురుగానే ఉంది గానీ పట్టు పోలేదు. గంటలన్నీ చెప్పాడు. ఊళ్ళ పేర్లు ఆటో వెళ్ళే వరసలోనే చెప్పుకుంటూ పోయాడు, కళ్ళు మూసుకుని, ఒక్కో ఊరి పొలిమేర దాటుతున్నట్టు. ఆఖర్న ప్రజలకు విజ్ఞప్తి అని ఆపి దగ్గాడు.

తిప్పి వింటే, బావగారు ఎక్కడో బావి అడుగు నుంచి మాట్లాడుతున్నట్టుంది. ఆయనకంటే నా కుర్చీ కిర్రుమనడం గట్టిగా వినిపించింది. మధ్యలో బల్లి కూడా స్పష్టంగా ఉంది.

రికార్డింగు మోతాదు తక్కువైందని సర్దిచెప్పాను. ఆయనను మాట్లాడవద్దని, నేనే పరీక్షిస్తానని నల్లటి తెర తెరిచి ఆదేశాలు కొట్టడం మొదలుపెట్టాను. కంప్యూటరులో శబ్దానికి సంబంధించినవి ఏమేం ఉన్నాయో లైనక్స్ వరసగా చూపిస్తుంది. తరగతిలో ముందు వచ్చినవాడికి ముందు నంబరు ఇచ్చినట్టు, తెరవగానే ఏది ముందు మేలుకుంటే దానికి ముందు నంబరు. ఆ వరసలో సౌండు కార్డు ఉంది, దానికంటే ముందు ఇంకో పేరుంది. అదేమిటా అని చూస్తే, కరోనా పాఠాలకు మానిటరు నెత్తిన తగిలించి మరిచిపోయిన వెబ్‌క్యామ్. దానికీ ఒక బుల్లి మైకు ఉంటుంది. వేలితో దాన్ని తట్టాను. తెర మీద గీత ఎగిరి పడింది. బావగారి చొక్కాకున్న మైకును తట్టాను. గీత పడుకునే ఉంది.

అంటే శనివారం నేను ఎక్కం చదివింది వెబ్‌క్యాముకు. ఇవాళ ఆయన ఊళ్ళన్నీ చెప్పింది కూడా దానికే.

దొంగ దొరికాడు అన్నాను, పోలీసులా. వెబ్‌క్యామ్ వైరు పీకేశాను. సౌండు కార్డునే వినమని కంప్యూటరుకు చెప్పాను. ఇప్పుడు ఖాయమని బావగారి వైపు మళ్ళీ చెయ్యి ఊపాను. ఆయన మళ్ళీ సోమవారం దగ్గర నుంచి ఎత్తుకున్నాడు. నేను సంగీతం వింటున్నవాడిలా కళ్ళు మూసుకుని తల ఊపుతూ కూర్చున్నాను. అలా కూర్చోకుండా తెర చూసి ఉంటే మొదటి క్షణంలోనే తెలిసేది. ఆయన ప్రజలకు విజ్ఞప్తి దాకా వచ్చి ఆపాక కళ్ళు తెరిచి చూశాను. తెర మీద గీత ఒక చివర నుంచి ఇంకో చివర దాకా స్కేలు పెట్టి గీసినట్టు తిన్నగా ఉంది. ఒక్క అక్షరం పడలేదు.

ఆయనకు దగ్గు తెర వచ్చింది. చాలాసేపు తగ్గలేదు. మా ఆవిడ వేడినీళ్ళు తెచ్చిచ్చి, ఆయన వీపు రాస్తూ నాతో అంది.

"ఇంకొక్క మాట ఆయన చేత చెప్పించావంటే ఊరుకోను. నీది బాగయ్యాకే ఆయన నోరు తెరుస్తాడు."

మామూలుగా ఆవిడ నన్ను మీరు అంటుంది.

అప్పటి నుంచి బావగారు మౌనం. నేను మాత్రం ఒకటే సణుగుడు. శబ్దాల మోతాదులు చూపించే తెర తెరిస్తే, సౌండు కార్డు మైకు నోరు నొక్కేసి ఉంది. విప్పాను. గీత కదల్లేదు. కార్డును ముందున్న చిల్లులోంచి పీకి వెనకవైపు గుచ్చాను. వెనక నుంచి ముందుకు గుచ్చాను. ఎక్కడ గుచ్చినా ఎర్రదీపం వెలుగుతోంది, నేనేం తప్పు చేశాను అన్నట్టు. ఇంటర్నెట్‌లో వెతికాను. సరిగ్గా నా బాధే పడ్డవాడు ఎక్కడో ఒకడు దొరికాడు. అదే కార్డు, అదే గీత, అదే ఏడుపు. ఆత్రంగా కిందికి వెళ్ళి చూస్తే, సమస్య తీరింది, అందరికీ ధన్యవాదాలు అని రాసి వెళ్ళిపోయాడు. ఎలా తీరిందో చెప్పలేదు. వాడు ఏ దేశంవాడో తెలియదు గానీ, ఆ రోజు వాణ్ణి మా యాసలో తిట్టాను.

చివరికి, శబ్దం చూసుకునే ప్రోగ్రామునే మొత్తం తీసేసి మళ్ళీ వేద్దామనే బుద్ధి పుట్టింది. ఇది పంటినొప్పికి తల తీయించుకోవడం లాంటిదని ఇప్పుడు తెలుసు. తీసేశాను. దాంతోపాటు ఇంకేమేం పోతాయో తెర మీద పెద్ద పట్టీ చూపించి సరేనా అని అడిగింది. చదవకుండానే సరే అన్నాను. పిల్లలకు ప్రశ్న పూర్తిగా చదవండిరా అని రోజూ చెప్పేది నేనే. మళ్ళీ వేసి, కంప్యూటరు ఆపి తెరిచేసరికి, మానిటర్లోంచి వచ్చే పాట కూడా రావడం లేదు. తెర మూలన ఉండే స్పీకరు బొమ్మే మాయమైంది.

మధ్యాహ్నం అయింది. మా ఆవిడ ఇద్దరికీ అన్నం పెట్టింది. బావగారు నా వెనక మంచం మీద కూర్చుని పెరుగన్నం తింటూ సైగలతోనే ఆవిడతో మాట్లాడుతున్నాడు. ఒకసారి వెనక్కి తిరిగి చూస్తే, ఆయన నా వీపు చూపించి, బొటనవేలు, చూపుడువేలు కలిపి తాళం తిప్పినట్టు తిప్పుతున్నాడు. తాళం పడిందంటున్నాడో, స్క్రూ ఊడిందంటున్నాడో నేను అడగలేదు. మా ఆవిడ కొంగు అడ్డం పెట్టుకుంది.

మాయమైన ప్రోగ్రాములను ఒక్కొక్కటే వెనక్కి తెచ్చుకున్నాను. మానిటరు మళ్ళీ పాడింది. మైకు మాత్రం పలకలేదు. నేను ఓడిపోయాను. ఆ మాట చెప్పడానికే, కార్డును పీకి చేతిలో పెట్టుకుని బావగారి వైపు తిరిగాను. దాన్నే చూస్తూ నిలబడ్డాను. చిల్లుల పక్కన ఏదో చెక్కినట్టుంది. నల్లటి దాని మీద నల్లగా. చదివే కళ్ళద్దాలు నుదుటి మీద నుంచి కిందికి లాక్కుని, ఫోను టార్చి వేసి చూశాను. ఒక చిల్లు పక్కన మైకు బొమ్మ, ఒక చిల్లు పక్కన చెవులకు పెట్టుకునే దాని బొమ్మ.

నా మైకు రెండోదాంట్లో ఉంది. శనివారం గుచ్చినప్పటి నుంచీ అందులోనే ఉంది.

ఇంకా మెల్లగా ఇంకోటి కూడా అర్థమైంది. ఇన్నాళ్ళూ పాటలు వినిపించింది మానిటరు తన స్పీకర్లతో తనే. మాట విన్నది వెబ్‌క్యామ్. ఈ సౌండు కార్డు మా ఇంటికి వచ్చిన నాటి నుంచి ఒక్క శబ్దమూ చేయలేదు, ఒక్క శబ్దమూ వినలేదు. దీపం వెలిగించుకుని ఊరికే కూర్చుంది. దాన్ని చూసి నేను మురిసిపోయాను.

అబద్ధం చెప్పి తప్పించుకోవచ్చు. ఏదో పెద్ద ఆదేశం కొట్టి బాగుచేశానంటే వాళ్ళిద్దరికీ తెలిసేది కాదు. కానీ నా మొహం చూసి మా ఆవిడ ఏమైందని అడిగింది. చెప్పాను. బావగారు నవ్వడం మొదలుపెట్టాడు. శబ్దం చేయకూడదని డాక్టరు చెప్పాడు కదా, శబ్దం లేకుండానే నవ్వాడు. భుజాలు ఊగిపోతున్నాయి, కళ్ళ వెంట నీళ్ళు కారుతున్నాయి, ఒక చేత్తో గొంతు పట్టుకుని రెండో చేత్తో నన్ను దగ్గరకు రమ్మని పిలిచి నా తల నిమిరాడు. గుంటూరు నుంచి వచ్చాక ఆయన నవ్వడం అదే మొదలని మా ఆవిడ తరవాత చెప్పింది.

సరైన చిల్లులో గుచ్చగానే గీత లేచి ఆడింది. ఈసారి ముక్కలు ముక్కలుగా తీశాం. రెండు మాటలు, గుక్కెడు వేడినీళ్ళు, విశ్రాంతి. మళ్ళీ రెండు మాటలు. పొద్దు వాలేదాకా పట్టింది. ఊళ్ళ పేర్లన్నీ అయ్యాక, ఇది ఆటోకు సరిపోయింది, ఇంట్లోవాళ్ళ కోసం కూడా ఏదైనా చెప్పండి, అక్కయ్యగారికి ఉంటుంది అన్నాను. అక్కయ్యగారంటే ఆయన భార్య.

ఆయన కాస్త ఆలోచించి, గొంతు సవరించుకుని, నిటారుగా కూర్చున్నాడు.

"ప్రజలకు..." అని ఆగిపోయాడు.

మళ్ళీ మొదలుపెట్టాడు. మళ్ళీ అదే మాట వచ్చింది. మైకు చూస్తే ఆయనకు ఇంకో గొంతు రావడం లేదు. ఇంట్లో ఎలా మాట్లాడతారో అలా చెప్పండి అంటే ఇబ్బందిగా నవ్వి తల దించుకున్నాడు. మా ఆవిడ ఆయన చొక్కాకున్న మైకు తీసి, కనిపించకుండా దిండు కింద పెట్టింది. పెట్టి, పొద్దుపోయి ఇంటికి వెళ్తే వదినను ఏమని పిలుస్తావన్నయ్యా అని మామూలుగా అడిగింది. ఆయన గోడ వైపు చూస్తూ చెప్పాడు.

"నేనే. తలుపు తియ్యి."

అంత చిన్న గొంతు ఆయనకు ఉందని నాకు తెలియదు. ఇంకేమైనా చెప్పమని మేమూ అడగలేదు.

ఆపరేషన్ బాగానే జరిగింది. ఆ గడ్డ చెడ్డది కాదని తేలాక ఆయన ఇంట్లో పొంగలి వండి మాకూ పంపారు. గొంతు మాత్రం పాతది రాలేదు. కొన్ని వారాలకు మాట వచ్చింది గానీ, ఎండుటాకు మీద నడిచినట్టు గరగరమంటుంది. ఇంట్లోకి సరిపోతుంది, హారనుకు సరిపోదు. అక్కయ్యగారికి ఆ రికార్డు వినిపిస్తే ఒక్కసారి విని, మనిషి ఇంట్లోనే ఉన్నాడుగా, ఇది మీ దగ్గరే ఉంచండి అంది. ఉంచాను.

ఆటో ఆగలేదు. ఏ ప్రకటన వచ్చినా బావగారు మా ఇంటికి వస్తాడు, నేను ముక్కలు అతికించి పెన్‌డ్రైవ్‌లో వేసిస్తాను. ఆయన ఆటోలో ముందు కూర్చుని వెళ్తాడు, ఎవరైనా ఆపి వివరం అడిగితే దగ్గరకు వంగి చెబుతాడు. అతుకులు చూసి నా పనితనం మెచ్చుకునేవాళ్ళు లేరు. రికార్డింగు మధ్యలో నేను మోతాదు పెంచిన పాపానికి, బుధవారం దాకా నెమ్మదిగా ఉండే ప్రకటన గురువారం దగ్గర ఉలిక్కిపడేలా అరుస్తుంది. మీ గురువారం తాగొచ్చిందా అని ఊళ్ళలో ఆయన్ను అడుగుతున్నారట. ఇంకోసారి నీటి సరఫరా ప్రకటనలో ఒక ముక్క సరిగ్గా కత్తిరించలేదు. రేపు ఉదయం తాగునీటి సరఫరా అని ఆయన గంభీరంగా అనగానే, వెనక నుంచి నా గొంతు, ఆగండాగండి, మోతాదు పెంచుతాను అంటుంది. ఆ పొద్దున అది చుట్టుపక్కల ఊళ్ళన్నీ తిరిగింది. బడికి వెళ్తే తొమ్మిదో తరగతి మొత్తం లేచి నిలబడి, గుడ్‌మార్నింగ్ తరవాత ఆగండాగండి అంది. లెక్కల మాస్టారుగా ఇన్నేళ్ళలో నాకు రాని పేరు ఆ ఒక్క పూటలో వచ్చింది. స్టాఫ్ రూములో ఇప్పుడు కంప్యూటర్ల మాట మళ్ళీ ఎత్తుతున్నారు, నన్ను చూసి మరీ ఎత్తుతున్నారు.

మొన్నామధ్య పత్తి చేలల్లో డ్రోనుతో మందు కొట్టి చూపిస్తామని ఒక ప్రకటన వచ్చింది. వారం ఉంది, వేళ ఉంది, ఊరుంది, పత్తి ఉంది. డ్రోను లేదు. రికార్డింగు రోజున మాకు ఆ మాట గుర్తే రాలేదు. ఏం చేద్దాం, కాగితం మీద రాసి పంచుకోమందామా అన్నాను. బావగారు తనే మైకు తీసి చొక్కాకు తగిలించుకుని, వైరు చివర నా చేతికిచ్చాడు.

"ఈ గొంతుతోనే చెబుతా బావగారూ. అతికించండి."

చెప్పాడు. అతికించాను. పాత గొంతు గంగానదిలా వస్తూ వస్తూ, ఆ ఒక్క మాట దగ్గర గరగరమని, మళ్ళీ పాత గొంతు అందుకుంటుంది. ఇది బాగాలేదు, మోతాదు తగ్గించి కాస్త కప్పేస్తానన్నాను. ఆయన రెండోసారి విని వద్దన్నాడు.

మర్నాడు నేను తరగతిలో ఉండగా ఆటో బడి ముందు నుంచి వెళ్ళింది. కిటికీ పక్కనున్న పిల్లలు తలలు తిప్పారు. నేను సుద్దముక్క పట్టుకుని ఆగాను. పత్తి రైతులకు విజ్ఞప్తి అని మొదలై, డ్రోను దాకా వచ్చి, గరగరమని దాటి, ఊరి పేరు చెప్పుకుంటూ మలుపు తిరిగింది. ఎవరూ నవ్వలేదు. మిగతా లెక్క చెప్పాను.